ఖాళీ స్థలమని రాసుకున్నారు

నా భయమల్లా ఒక్కటే. నా వెర్డెల్ ఎక్కడ పడుకుందో నేనే చూపించలేని రోజు వస్తుందని.

పదకొండు నెలల పిల్ల. జ్వరమొస్తే కౌంటీ ఆసుపత్రికి ఎత్తుకెళ్ళాను. నల్లవాళ్ళకి మంచాలు రెండే, రెండూ నిండాయన్నారు. ఇది చదివే కాలేజీ పిల్లలకూ మిల్లు కార్మికులకూ ఆ మాట కొత్త కాదు. మీరూ విన్నదే. నేను చెప్పేది ఆ తర్వాత జరిగింది.

వాగు ఒడ్డున మా శ్మశానం ఉంది. మా ముత్తాతలు దొరల వరిమళ్ళలో బానిసలుగా నడుములిరగ్గొట్టుకున్ననాటి నుంచీ మా వాళ్ళందరూ అక్కడే. రాళ్ళు లేవు. పోయినవాళ్ళు ఆఖరిసారి తాగిన కప్పును పగలగొట్టి సమాధి మీద పెడతాం. పగలగొట్టకపోతే ఇంట్లో ఇంకొకరు వెంటపోతారు. కొందరి మీద శంఖాలుంటాయి, కొందరి మీద ఆగిపోయిన గడియారం. వెర్డెల్ మీద దాని పాలసీసా పెట్టాను, మూతి పగలగొట్టి.

మార్చిలో ఆ కప్పుల మధ్య ఎర్రగుడ్డ కట్టిన కర్రలు పాతారు. సముద్రతీరం హోటళ్ళకి కొత్త రోడ్డట. అడగబోతే కంట్రాక్టరు కారు అద్దం కూడా దించలేదు. సర్వే దొర వస్తాడు, సమాధులుంటే రాసుకుంటాడు అని డ్రైవరు చెప్పి పోయాడు.

ఆ ఆదివారం చర్చిలో మీటింగు పెట్టారు. పాస్టరు గాడ్సన్ గారు పట్నంలో చదువుకున్న మనిషి.

"సర్వే దొర కళ్ళకి మనం మర్యాదస్తుల్లా కనబడాలి. ఆ పగిలిన కుండలూ సీసాలూ చూస్తే ఇది చెత్తకుప్పనుకుంటాడు. అన్నీ ఏరేసి, నేల ఊడ్చి, పూలు పెడదాం" అన్నారు.

ఫ్రోనీ పెద్దమ్మ లేచింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, శ్మశానానికి కాపలా. ఏ వరసలో ఎవరున్నారో ఆమెకు కంఠతా వచ్చు.

"నాయనా, ఆ దొర ముందు మర్యాద కోసం మీ అమ్మ ముక్కు కోస్తావా? అవి తీసేస్తే అక్కడేముంటది, మట్టి తప్ప?"

"పెద్దమ్మా, చచ్చినోళ్ళతో కబుర్లాడేదానివి, నీకేం సిగ్గు?" అంది నాతోపాటు ఆల్చిప్పలు వొలిచే షెడ్డులో పనిచేసే నెటీ అక్క. "రేపు పేపర్లో ఫొటో వేస్తే నవ్వేది మా మొహాలు చూసి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దాచుకోవడానికేముంది, ఆరో తరగతిలో బడి మాన్పించి ఆల్చిప్పలు వొలిచే కత్తి చేతికిచ్చిన దగ్గర్నుంచి, చదువుకున్నవాళ్ళు ఏది చెబితే అదే సరైందనుకున్నాను.

శనివారం ఊరంతా కలిసి ఊడ్చాం. గోనెసంచులు నింపి వాగులో పోశాం. వెర్డెల్ సీసా నా చేతులతోనే సంచిలో వేశాను. సమాధి తలవైపు దేవదారు మొక్క గుర్తుగా ఉంది కదా అనుకున్నాను. మగవాళ్ళు కొడవళ్ళతో మొక్కలన్నీ నరికేశారు, దాన్ని కూడా.

సోమవారం సర్వే దొర వచ్చాడు. నున్నటి నేల మీద బూట్లు చప్పుడు కాకుండా అటూ ఇటూ నడిచాడు. జాడీల్లో పూలు చూసి "పిక్నిక్కా?" అన్నాడు. కాగితం మీద ఖాళీ స్థలమని రాసుకుని పోయాడు.

కోర్టుకెళ్ళాం, నలభై మందిమి. కిటికీ వెనక గుమాస్తా అడిగాడు, "రాళ్ళేవి? రిజిస్టరేది?"

"నన్ను అడగండి దొరా," అంది ఫ్రోనీ పెద్దమ్మ. "వాగు వైపు మొదటి వరస. కఫీ. అతని పెళ్ళాం బినా, కాన్పులో పోయింది. వాళ్ళ పక్కన పేరు పెట్టని బిడ్డ. తర్వాత గుడ్డి లైమస్, ఉప్పునీళ్ళు వరిలోకి రాకుండా గట్టు కట్టినోడు..."

గుమాస్తా కలం తియ్యలేదు. పన్నెండైందని కిటికీ తలుపు వేసి అన్నానికి పోయాడు. ఆమె మూసిన తలుపుకే మూడో వరస దాకా చెప్పింది. మేం వింటూ నిలబడ్డాం. అంతమంది మా కింద ఉన్నారని నాకప్పటిదాకా తెలియదు.

బయటికొచ్చాక పాస్టరుగారు మెట్ల మీద కూలబడ్డారు. "నా వల్లే" అన్నారు.

"నీ ఒక్కడి వల్లా? సంచి మోసింది నేను కాదా?" నెటీ అక్క విసుక్కుంది. "లెగు. ఏడుపు తర్వాత. ఆ రోడ్డు బండ్లెప్పుడొస్తాయో కనుక్కో."

గురువారం పొద్దున వచ్చాయి. ఆ పూట షెడ్డులో ముప్ఫై ఒక్క మంది ఆడవాళ్ళం కత్తులు బల్ల మీద పడేసి బయటికి నడిచాం. "వెళ్ళినోళ్ళు మళ్ళీ రానక్కర్లేదు" అని మేనేజరు అరిచాడు. ఇళ్ళకు పోయి ఉన్న కప్పులూ పళ్ళేలూ శ్మశానానికి తెచ్చుకున్నాం, మర్నాడు ఎందులో తింటామని ఎవరూ అడగలేదు. ఫ్రోనీ పెద్దమ్మ కర్రతో నేల మీద చూపిస్తూ పేరు చెప్పేది. ఒకరు ఆ చోట పళ్ళెం పగలగొట్టి కూర్చునేవాళ్ళు. పాస్టరుగారు తన పెళ్ళిలో వచ్చిన పింగాణీ తెచ్చారు. బుల్డోజరు నడిపేవాడు ఇంజను ఆపి కిందికి దిగాడు.

"వీళ్ళ మీంచి పోనియ్యమంటారా?" అని వెంట వచ్చిన కౌంటీ పోలీసు పెద్ద షెరీఫుని అడిగాడు.

"తీసేస్తాం, ఆగు."

నాలుగు వరసలైనాయి. మావాళ్ళది అయిదో వరస. పెద్దమ్మ కర్ర ఎత్తి "వెర్డెల్..." అంటుండగా షెరీఫు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. కర్ర పడిపోయింది. నేను చంకలో వెర్డెల్ తర్వాత పుట్టిన చిన్నదానితో, చేతిలో కప్పుతో, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాను.

"చూపించి పో పెద్దమ్మా," అన్నాను.

"నీ ఎడమకాలి..." అంది. షెరీఫు కింది పోలీసులిద్దరు ఆమెను ఎత్తి బండిలో వేశారు.

మమ్మల్ని పదకొండు రోజులు లోపలుంచారు. ఒకే గదిలో ముప్ఫై ఒక్క మందిమి విన్న పేర్లు తిరగేసుకున్నాం. ఆమెను మాత్రం జైలుకి తేలేదు. లేనివాళ్ళతో మాట్లాడుతోందని ఒక డాక్టరు సంతకం పెట్టాడు, రాజధానిలో ఉన్న రాష్ట్ర పిచ్చాసుపత్రికి పంపేశారు.

మేం బయటికొచ్చేసరికి ఆరు వరసల మీద తారు. మిగిలినవి మూడు. వాటి మీదకి రెండో రోడ్డు శీతాకాలం తర్వాత వస్తుందట. షెడ్డులో మాకు పని లేదు. ప్రతి బుధవారం చర్చిలో కూర్చుని గుర్తొచ్చిన పేర్లు రాస్తున్నాం, కొట్టుకుంటున్నాం, కొట్టేస్తున్నాం. అరవై దాటలేదు. గెలుస్తామని మాలో ఎవరూ అనుకోవడం లేదు. అయినా బండ్లొచ్చిన రోజు ఆ మూడు వరసల మీద కూర్చోవాలని నిర్ణయించుకున్నాం. కప్పులు కొనలేక పొరుగూళ్ళ వాళ్ళని అడుగుతున్నాం, ఇస్తున్నారు కూడా.

పెద్దమ్మను చూడ్డానికి రెండుసార్లు ఆ ఆసుపత్రికి వెళ్ళాను. చుట్టానివి కావు పొమ్మన్నారు.

రాజధానిలో ఉన్నవాళ్ళకి ఒక మాట. మీలో ఎవరికైనా ఆ గేటు దాటే వీలుంటే వెనకవైపు నల్లవాళ్ళ వార్డులో అడగండి. ఫ్రోనీ పెద్దమ్మ పూర్తి పేరు సఫ్రోనియా రివర్స్. పొట్టి మనిషి, ఎడమ చెవి తమ్మె ఉండదు. ఒంటి మీద దుప్పటి ఉందో లేదో, అన్నం పెడుతున్నారో లేదో చూడండి. ఆమె తనలో తను ఏదో గొణుగుతుంటే ఆపకండి. పక్కన కూర్చోండి. ఒక కాగితం తీసుకెళ్ళండి.