ఆరు కిలోల స్ప్రింగు

ఆ రోజు లాక్ రింగు బిగించకుండా వదిలేసింది మా అన్న రఫీ కాదు. నేను.

ఇదిగో, రాసేశాను. నోటితో మాత్రం మూడేళ్లుగా ఎవరితోనూ అనలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు, అద్దం ముందు నిలబడి కూడా అనలేదు.

మేముండేది రియాద్‌లో, మలాజ్ అనే బస్తీలో. సనాయియాలో, అంటే మెకానిక్ షెడ్లన్నీ వరసగా ఉండే పేటలో, మా నాయన మస్తాన్ వలీకి ఒక చిన్న షాపు. రాయచోటి నుంచి వచ్చిన నాటి నుంచీ ఆయన చేతిలో ఉన్నది ఒకటే పని, కార్లకి కాయిలోవర్లు వేయడం. షాకబ్జరు చుట్టూ స్ప్రింగు ఉంటుంది. స్ప్రింగు కింద మరలున్న కాలరు, దాన్ని తిప్పితే బండి ఎత్తు మారుతుంది. ఆ కాలరు జారిపోకుండా కింద పట్టి ఉంచేదే లాక్ రింగు. ఇక్కడి కుర్రాళ్లకి బండి నేలని రాసుకుంటూ పోవాలి. ఈ వారం వచ్చి మెత్తగుంది గట్టి స్ప్రింగు వేయమంటారు, పై వారం నడుము పోతోంది మెత్తది వేయమంటారు. ప్రతి స్ప్రింగు మీదా ఒక అంకె ఉంటుంది. ఆరు అంటే, ఆరు కిలోలు పెడితే ఒక్క మిల్లీమీటరు కుంగుతుందని. పద్నాలుగు అంటే ఇంక రాయే.

వీళ్లు కాక ఇంకో రకం వాళ్లూ వస్తారు. చెప్పాల్సిన మాట కడుపులో పెట్టుకుని తిరిగేవాళ్లు. వాళ్లు కూర్చునే వైపు బండి దిగిపోతుంది. మాట పాతబడేకొద్దీ ఇంకా కిందికి. నాయన టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య రెండు వేళ్లు పెట్టి చూస్తాడు. పట్టకపోతే ఒక అంకె పెద్ద స్ప్రింగు వేస్తాడు. ఒక్క వైపే గట్టిది వేస్తే బండి పక్కకి లాగుతుంది కాబట్టి రెండో వైపూ అదే వేసి, ఎత్తు కాలరుతో సర్దుతాడు. ఎన్నాళ్లయింది అని మాత్రం అడుగుతాడు, స్ప్రింగు ఎంచుకోవడానికి. ఏం మాట అని అడగడు. ఆ అలవాటు మా షాపులో లేదు.

జగిత్యాల సదానందం ఇలాగే వచ్చేవాడు. ఎవరో కుర్రాడు వాడి వదిలేసిన సెడాన్ ఒకటి నడిపేవాడు. ఆరు నుంచి ఎనిమిదికి, ఎనిమిది నుంచి పదికి ఎక్కించుకుంటూ పోయాడు. ఒకరోజు నవ్వుకుంటూ వచ్చి, పాత ఆరే వేయమన్నాడు. ఇంట్లో తను సూపర్‌వైజర్నని చెప్పుకున్నాడట. చేసేది టైల్స్ పని.

"చెప్పేసిన మస్తానన్నా. మా ఇంటామె ముత్తవ్వ ఏమన్నదో ఎరుకనా? మొదటి నెలనే తెల్సు, వీడియోల నీ గోర్లల్ల సిమెంటు కానొస్తలేదా అన్నది."

నాయన నవ్వి స్ప్రింగులు మార్చాడు. సదానందం వెళ్లేటప్పుడు స్పీడ్ బ్రేకర్ మీద కావాలనే రెండుసార్లు ఎక్కి దిగాడు.

ఇంట్లో ఆడపిల్లని, నాకు ఏదీ ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. తెలుగు అక్షరాలు మా అమ్మ ఊరి నుంచి తెప్పించుకునే కేలెండర్ మీద నేర్చుకున్నా, బండి పని వీడియోలు చూసి. చూసినదాన్ని చేత్తో చేసి చూడకపోతే నాకు నిద్ర పట్టదు. మూడేళ్ల కిందట ఒక శుక్రవారం షాపుకి అన్నం కేరియర్ తీసుకుపోయాను. నాయనా అన్నా నమాజుకి పోయారు. అన్న అప్పుడే పని ముగించిన తెల్ల కారు ఒకటి జాకీ మీద ఉంది. కొక్కెం స్పానర్ తీసుకుని లాక్ రింగు వదులు చేశాను. కాలరు ఒక చుట్టు పైకి తిప్పి, మళ్లీ ఒక చుట్టు కిందికి తిప్పాను. ఎంత హాయిగా తిరిగిందో. ఇంక రింగు బిగించాలి, అంతలో బయట నాయన దగ్గు వినపడింది. స్పానర్ గోడకి తగిలించేసి కేరియర్ విప్పాను. తర్వాత బిగిద్దాం అనుకున్నాను. పప్పు వడ్డిస్తూ మరిచిపోయాను.

మర్నాడు ఆ కారు ఖర్జ్ రోడ్డు మీద ఒక పక్కకి కుంగి డివైడరుని రాసుకుంది. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. కారు యజమాని మాత్రం వచ్చి షాపు ముందు గంటసేపు నిలబడి అరిచాడు. ఆయన ముందూ, పక్క షెడ్ల వాళ్ల ముందూ నాయన అన్నతో, ఇంక నువ్వు స్పానర్ ముట్టుకోవద్దన్నాడు. అన్న తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"బిగించినట్టే గుర్తు నాయనా," అన్నాడు. అరచేతులు చొక్కాకి తుడుచుకుని, "ఏమో," అన్నాడు.

ఆ ఏమో అన్న మాటే నన్ను పట్టుకుంది. నాయన దగ్గర పని నేర్చిన వాళ్లందరిలో మంచి చెయ్యి మా అన్నదే. ఆ చెయ్యి మీద వాడికే నమ్మకం పోయింది. పక్క నెలలో వదినని తీసుకుని సముద్రం ఒడ్డున ఉన్న ఖతీఫ్ వెళ్లిపోయాడు. అక్కడ ఐసు పెట్టెలున్న చేపల వ్యాను నడుపుతున్నాడు. దాని టైరు మార్చాలన్నా ఇంకొకర్ని పిలుస్తాడట. వదిన అమ్మతో చెప్పింది.

నా బండి అప్పటి నుంచీ ఎడమవైపు, అంటే ఇక్కడి కార్లలో స్టీరింగు ఉండే వైపు, దిగడం మొదలుపెట్టింది. లైసెన్స్ వచ్చినప్పుడు నాయనా అన్నా కలిసి సరిచేసి ఇచ్చిన పాత కారు అది. అమ్మ ఎక్కుతుంది కదా అని అన్నే ఆరు కిలోల స్ప్రింగులు ఎంచాడు. మొదట్లో నాయనకి తెలియకుండా నేనే ఎడమ కాలరు పైకి తిప్పుకున్నాను. ఎత్తు పెరిగింది, వారంలో మళ్లీ దిగింది. కాలరు ఎంత తిప్పినా స్ప్రింగు గట్టిపడదు. చివరికి బండి తీసుకెళ్లి నాయన ముందు పెట్టాను. ఆయన రెండు వేళ్లు పెట్టి చూశాడు. ఎన్నాళ్లయింది అని కూడా అడగలేదు. ఎనిమిది వేశాడు. ఆ ఏడాదే పది. తర్వాత పన్నెండు. ఈ రంజాన్ ముందు పద్నాలుగు. నాయన సొంత పికప్ కూడా ఎడమ వైపే దిగి ఉంటుంది. దాని స్ప్రింగులు ఆయన ఎప్పుడు మార్చుకుంటాడో ఎవరూ చూడలేదు.

ఇంతలో అన్నకి కూతురు పుట్టింది. నలభయ్యో రోజు స్నానానికి పోవాలని మా అమ్మ బీబీజాన్ పట్టుపట్టింది. అమ్మకి నడుములో డిస్కు జారింది, కుదుపులు పడకూడదు. నా బండిలో దిండు వేసుకుని కూర్చుంది. వీధి చివర స్పీడ్ బ్రేకర్ ఎక్కేసరికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఖతీఫ్ నాలుగు గంటల దారి. మాట కడుపులో పెట్టుకున్నది నేను, నొప్పి ఆమెకి. రైల్లో పొమ్మన్నాను, టిక్కెట్ నేనే తీస్తానన్నాను.

"రైలుందని నాకు తెలీదా అమ్మీ?" అంది అమ్మ. "మూడేండ్లాయె నువ్వు మీ అన్న గడప తొక్కి. నువ్వు రానిదే నేనూ పోను."

నలభయ్యో రోజు శుక్రవారం వచ్చింది. పొద్దున్నే ముగ్గురం షాపుకి పోయాం. అమ్మ ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్లో దిండు, దిండు మీద పాపకి కుట్టిన గౌన్ల సంచీ. నాయన నా బండి ముందు చక్రాలు విప్పి, పద్నాలుగులు తీసి, అటక మీంచి ఒక పాత అట్టపెట్టె దించాడు. అన్న ఎంచిన ఆరు కిలోల స్ప్రింగులు. పాత బనీను గుడ్డలో చుట్టి, నూనె రాసి దాచాడు. ఎక్కించి, లాక్ రింగు బిగించి, స్పానర్‌తో ఇంకోసారి బిగించి, బండి కిందికి దించాడు.

"టైరు తగుల్తాది నాయనా," అన్నాను.

"తగుల్తాది," అన్నాడు. "పద్నాలుగు మీద నా దగ్గర లేదు. నేను నిన్నేమీ అడగలే. ఇప్పుడూ అడగను."

అని షెడ్డు మూల కుళాయి దగ్గరికి పోయి, మాకు వీపు పెట్టి, చేతులకి సబ్బు రుద్దుకోవడం మొదలుపెట్టాడు.

అమ్మ కుడివైపు ఎక్కి దిండు సర్దుకుంది. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. కూర్చున్న వెంటనే ఎడమ మూల కుంగిపోయి, మడ్‌గార్డు టైరు మీద ఆనింది. క్లచ్ కొంచెం వదిలాను. కర్రుమని రబ్బరు రాపిడి, కాలిన వాసన. బండి కదల్లేదు. ఇంజను ఆపేశాను.

అమ్మ గౌన్ల సంచీ ముడి విప్పి, మళ్లీ వేసింది.

ముందు నాయనకి చెప్పాలా? పది అడుగుల దూరంలోనే ఉన్నాడు. కానీ నా వల్ల నమ్మకం పోయింది అన్న చేతుల మీద. దాన్ని తిరిగి ఇవ్వాల్సింది ముందు వాడికే. ఈ వేళకి చేపలు దించేసి, వ్యాను కడుక్కుంటూ ఉంటాడు. చేతులు తడిగా ఉంటాయి. ఆ చేతులతోనే ఎత్తుతాడు. నువ్వు బిగించావు అన్నా, నీ చేతులు మరిచిపోలేదు, విప్పింది నేను. ఇంతే చెప్పాలి. ఇంతకి మించి ఏముంది?

బ్యాగులోంచి ఫోన్ తీశాను.

"ఉండమ్మా," అన్నాను. "అన్నకొక ఫోన్ చేసుకుని బయల్దేరుదాం."

ఎడమ చక్రం దగ్గర స్ప్రింగు చిన్నగా కిర్రుమంది. షెడ్డు మూల నాయన కుళాయి కట్టేశాడు. చేతుల నిండా నురగ అలాగే ఉంది.