కట్ట కింది పాలనీళ్లు

ఊరి చెరువుకట్ట కింద కారే నీళ్లకు మహిమ అంటగట్టింది హద్దానే. పంతొమ్మిదేళ్ల కిందట సీదీ అమాన్ బాబా సమాధి పక్కన కొత్తగా ఊట పుడితే, ఆ నీళ్లు తాగించాకే తన కూతురి జ్వరం దిగిందని ఇంటింటికీ తిరిగి చెప్పింది. అప్పుడు తూము కాపలా చూసే మొగుడు అమ్మార్ తల పట్టుకున్నాడు. అది బాబా మహిమ కాదు, మట్టికట్ట చెమట అన్నాడు. చెమట తేటగా ఉన్నన్నాళ్లు భయం లేదట. బురద కలిసిన రోజున మాత్రం కట్ట కండ లోపల్లోపల కరిగి బయటికొస్తున్నట్టేనట.

అమ్మార్ పోయి ఆరేళ్లయింది. ఈ వారం వానలు వెలిశాక ఊట తెల్లబారింది. బాబా పాలు ఇస్తున్నాడని ఊరు మురిసిపోయింది. పాలు పడని బాలింతలు కూజాలతో వరస కట్టారు.

హద్దా బస్సెక్కి పట్నంలో నీటిపారుదల ఆఫీసుకు మూడుసార్లు వెళ్లింది. తూము తలుపు తుప్పుపట్టి బిగుసుకుపోయింది, నీళ్లు దించే దారి లేదని చెప్పింది. పండగ వెళ్లాక ఎవరినైనా పంపుతామన్నారు. ఊళ్లోవాళ్లకు చెబితే, అప్పుడు మహిమన్న నోటితోనే ఇప్పుడు కట్టకు రోగమంటావేం అని నవ్వారు.

చివరికి కూతురు వనీసా గుమ్మం ఎక్కింది. ఆ ఇల్లు సరిగ్గా కట్ట పాదం దగ్గర, నేరేడుపళ్ల రంగు తలుపుతో ఉంటుంది. వనీసా ఒళ్లో రెండు నెలల పసివాడు, పక్కన మూడేళ్ల తావుస్. హద్దా ఊటనీళ్లు గాజుగ్లాసులో పోసి కిటికీలో పెట్టింది. కాఫీ కాగేలోపు అడుగున వేలిమందాన తెల్లమట్టి పేరుకుంది.

"చూశావా? కట్ట అరిగిపోతోంది."

వనీసా నీళ్లు వంచేసి, ఆ మట్టిని వేలితో తీసి పసివాడి నుదుట రాసింది. "బాబా మట్టి, అమ్మా. పారబొయ్యకూడదు."

"ఆనాడు నేను అబద్ధం చెప్పానే. నీ జ్వరం డాక్టరు సూదితో తగ్గింది."

"సూది అందరికీ వేస్తారు. అందరూ బతుకుతున్నారా?"

గుట్ట మీది తన ఇంటికొచ్చి నాలుగు రోజులు ఉండమని హద్దా బతిమాలింది. శుక్రవారం బాబా పండగ, గొర్రెను కట్టేశాం, ఇంటినిండా చుట్టాలు, ఎలా వస్తానంది వనీసా. పసివాణ్నయినా ఇమ్మంటే రొమ్ముకు హత్తుకుంది.

"నీకంత దిగులైతే పెద్దదాన్ని తీసుకెళ్లు. నీకూ తోడుగా ఉంటుంది."

పిల్ల సంబరంగా అమ్మమ్మ వీపెక్కింది. చిన్నప్పుడు తననూ అలాగే మోశావని వనీసా నవ్వుతూ గుమ్మంలో చెయ్యి ఊపింది. ఇక చాలు, లోపలికి వెళ్లవే అని హద్దా మనసులో అనుకుంది. వెళ్లకపోతేనే బాగుండునని కూడా అనుకుంది.

సగం గుట్ట ఎక్కేసరికి తావుస్‌కు అమ్మ గుర్తొచ్చింది. ఒక్కసారి వెనక్కి తిరగమని, అమ్మ కనబడుతుందని వీపు మీద గుద్దింది. హద్దా ఆ చిన్న కాళ్లు గట్టిగా పట్టుకుంది, తిరగలేదు.