ఎడమ పక్క సీటు

ఇశ్రాయేలు పొద్దున్నే చేసే మొదటి పని కార్పెట్ పరిచి దాని మీద నిలబడటం. గుణదలలో ఆ సందు వాళ్లకి ఇది కొత్తేం కాదు. ఆయన నిలబడతాడు, నెత్తి మీద జల్లు పడుతుంటుంది, షాంపూ పోసి బ్రష్షు పట్టుకుంటాడు. కార్పెట్లు కడగడం ఆయన పని, దానికి కుళాయి అక్కర్లేదు. భార్య క్రిస్టినాని సమాధి చేసిన రోజు నుంచీ ఆయన మీద వాన పడుతూనే ఉంది. ఇంట్లో ఉన్నా, చర్చిలో ఉన్నా సరే. చెయ్యి చాచినంత మేర, అంతే.

మే నెలలో చూడాలి ఆయనగారి వైభవం! రోళ్లు పగిలే ఎండలో సందంతా కుర్చీలు తెచ్చుకుని చుట్టూ చేరేది. "కాస్త ఇటు జరగండి ఇశ్రాయేలు గారూ" అని బతిమాలేవాళ్లు, పసిపిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టేవాళ్లు. తొలకరి మొదలైందా, ఇక ఒక్క పిట్ట వాలదు. మనుషులకి ఈ అవసరాల ప్రేమేమిటో, తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. చర్చిలో ఆయన కూర్చునే బెంచీ మీద ఇంకెవరూ కూర్చోరు. ఇంట్లో కంచం మీద ఒక చేత్తో గొడుగు పట్టుకుని, రెండో చేత్తో ఒక్కడే అన్నం తింటాడు.

కార్పెట్లు ఆరేయడానికి ఎవరో ఒకరు దొరుకుతారు. ఆరినవి చేరవేసేది మాత్రం నాగూర్ ఆటోనే. ఇశ్రాయేలు అందులో ఎక్కితే సరుకు మళ్లీ తడుస్తుంది కదా, అందుకని వెనకాల సైకిల్ తొక్కేవాడు. నాగూర్ మోకాళ్లు అరిగిపోయి ఆటో అమ్మేశాక, ఇశ్రాయేలుకి చిన్న వ్యాను కొనక తప్పలేదు.

ఇద్దరూ కలిసి పాత బళ్లు అమ్మే చోటికి వెళ్లారు. మొదటి బండికి వెనక టాపు లేదు. "రోడ్డు మీది దుమ్మంతా మన కార్పెట్ల మీదే" అన్నాడు నాగూర్. రెండోది తెల్లగా ముద్దుగా ఉంది గానీ, ఇశ్రాయేలు ఎక్కి కూర్చోగానే జల్లు వెనక్కి కొట్టింది, మధ్యలో గోడ లేదు మరి. మూడోది పొట్టి బండి. ముందు రెండు సీట్ల క్యాబిన్, వెనక రేకు పెట్టె, మధ్యన గట్టి అడ్డం. ఎంతసేపు కూర్చున్నా వెనక చుక్క పడలేదు. అమ్మే మనిషి కింద నీళ్లు పోవడానికి చిల్లులు పెట్టిస్తానన్నాడు, అద్దం లోపలివైపు తుడుచుకోమని ఒక గుడ్డ కూడా ఇచ్చాడు.

"పెట్టె చిన్నదన్నా. ఈ ఎడమ సీటు పీకించేయ్, షాంపూ డబ్బాలూ బ్రష్షులూ అక్కడ పడతాయి" అన్నాడు నాగూర్.

"ఉండనీరా, సీటెందుకు పీకడం?"

"నీ పక్కన ఎవరు కూర్చుంటారన్నా?"

నాగూర్ చెడ్డవాడు కాదు. ఉన్నమాటే అన్నాడు. ఆ మాట ఇశ్రాయేలు గుండెలో కలుక్కుమంది. సీటు తీసేస్తే, ఇక తన పక్కకి ఎవరూ రారని తనే ఒప్పుకున్నట్టు. అయినా "సరేలే, పీకించు" అన్నాడు. మెకానిక్ చూస్తే నట్లు తుప్పు పట్టి కదల్లేదు. వచ్చే వారం కటింగ్ మిషన్ తెస్తానన్నాడు.

ఈలోగా ఉయ్యూరులో ఒక కల్యాణ మండపానికి కార్పెట్లు అప్పజెప్పి వస్తుంటే, బస్టాపులో ఒకావిడ చెయ్యెత్తింది. పక్కన గంప నిండా తోటకూర, గోంగూర, కొత్తిమీర.

"బెంజ్ సర్కిల్ దాకా ఎక్కించుకుంటారా అండీ? మణెమ్మంటారు నన్ను, అక్కడే కూర అమ్ముకుంటాను. బస్సు పోయింది."

"లోపల వానండీ. తడిసిపోతారు."

ఆవిడ తల లోపలికి పెట్టి చూసింది. "హమ్మయ్య! రోజూ నేను వెళ్లేసరికి కూరంతా వడిలి చస్తోంది" అంటూ గంపతో సహా ఎక్కేసింది. కొంగు నెత్తిన వేసుకుని, గంప మీది గుడ్డ తీసేసింది.

దిగేటప్పటికి కొత్తిమీర అప్పుడే పీకినట్టుంది. "రేపు కూడా ఇటేనా?" అంది.

"ఇటే" అని ఇశ్రాయేలు అబద్ధమాడాడు.

తర్వాతి వారం మెకానిక్ మిషన్ తెస్తే ఇశ్రాయేలు బండి తాళం చెవి ఇవ్వలేదు. మరి డబ్బాలెక్కడ పెడతావని నాగూర్ అరిచాడు. "నెత్తిన పెట్టుకుంటాలే" అన్నాడు.

ఉయ్యూరులో రోజూ పనెక్కడ ఉంటుంది? లేకపోయినా వెళ్లేవాడు. మణెమ్మ మాటకారి. ఆయన మొదట్లో ఊఁ కొట్టేవాడు, తర్వాత తనూ చెప్పడం మొదలుపెట్టాడు. క్రిస్టినా పేరు ఎన్నేళ్లకో నోట్లోంచి వచ్చింది. ఆయన గమనించలేదు గానీ, జల్లు రోజురోజుకీ పలచబడుతూ వచ్చింది.

ఒక పొద్దున లేచేసరికి పక్క పొడిగా ఉంది. ఇంకొకరైతే ఎగిరి గంతేస్తారు, ఈయనకి మాత్రం దిగులు పట్టుకుంది. వాన లేకపోతే మణెమ్మ ఎందుకు ఎక్కుతుంది? దారిలో బండి ఆపి, కాలవ నీళ్లు తెచ్చి నెత్తిన పోసుకున్నాడు, సీట్ల మీద గుమ్మరించాడు. ఉయ్యూరు చేరేసరికి ఎండకి అవీ ఆరిపోయాయి.

మణెమ్మ తలుపు తీసింది. పైకప్పు వంక చూసింది. సీటు తడిమింది.

"వాన ఆగిపోయిందండీ" అన్నాడు, ఏడుపొక్కటే తక్కువ. "కూర వడిలిపోతుంది. బస్సయితే తొందరగా వెళ్తుంది, మీరు..."

ఆవిడ ఎక్కి, గంప కాళ్ల దగ్గర పెట్టుకుని తలుపేసింది.

"వడిలితే వడలనీయండి. నిన్న బెంజ్ సర్కిల్ వచ్చేసిందని మధ్యలో ఆపేశారు. మీ మామగారు అంత కోపంగా చూస్తుంటే క్రిస్టినా గారు ఏమన్నారో చెప్పనే లేదు. ఊఁ, చెప్పండి."

ఇశ్రాయేలు బండి కదిలించి, చెప్పడం మొదలుపెట్టాడు.