మూల మూయని ముగ్గు

కోదాడలో లారీలు తూచే కాంటా దగ్గర మా మనవరాలు నిఖితకు పని. తూకం చీటీలు చుక్కలు చుక్కలుగా కొట్టే పాత ప్రింటరుకు, చీటీ మీద వేసే కొత్త గుర్తు కావాలని, గళ్ల కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. చుక్కలంటే నాకు కొత్తా? మా అత్త నేర్పిన ముగ్గు, నాలుగు మూలలూ మూసి వేసిచ్చాను.

మర్నాడు సద్ది తీసుకెళ్లి చూస్తే, చీటీ మీద ఒక మూల తెరిచే ఉంది.

"గిదేందే, మూల మూయలే?"

"గాడ రెండు చుక్కలు మరీ పక్కపక్కకొచ్చినయ్ నానమ్మా. గట్లుంటే గీ మిషను కొట్టది. ఒకటి తీసేసిన."

మా అత్త ఒక్కసారే మూల మూయడం మరిచింది. ఆ పొద్దు పొలానికి పోయిన మామ మళ్లీ రాలేదు.

"మొదటి చీటీ ఎవరికిచ్చినవ్?"

"నాయినకే. వడ్ల లారీతోని మిర్యాలగూడ పోయిండు."

జనార్దన్ నాకు ఒక్కడే కొడుకు. ఫోను చేయమన్నాను. మోగింది, ఎత్తలేదు.

"బండి నడిపేటప్పుడు ఎత్తడు గదనే, ముసలిదానా!" అని నవ్వింది.

మళ్లీ చేసింది. మూడోసారి నవ్వలేదు.

కాంటాలో ఉంచుకున్న వాడి నకలు చీటీ తీసుకుని, లేని చుక్కను పెన్నుతో పెట్టాను. ఫోను మోగుతూనే ఉంది.