మణికట్టు మీద వలయాలు

"మెల్లగా తల్లీ! అది నా నడుం, పిండి ముద్ద కాదు."

బల్ల మీద బోర్లా పడుకున్న అత్తగారు మూలిగింది. పెద్దకోడలు నవ్వి నూనె చేతులు తుడుచుకుంది. తోటికోడళ్ళిద్దరూ కలిసి నడుపుతున్న మర్దన గది అది. నొప్పి లాగడానికి వీపు మీద వేడి కప్పులు పెట్టేది మాత్రం పెద్దామే. గాజు కప్పులో మంట తిప్పి, అంచును రెప్పపాటు తన ఎడమ మణికట్టుకు ఆనించుకుంటుంది. చుర్రుమంటే పక్కన పెడుతుంది, లేదంటే వీపు మీద బోర్లిస్తుంది.

ఆమె రవిక పొడుగు చేతులు పైకి మడుచుకుంటుంటే చిన్నకోడలి చూపు ఆ మణికట్టు మీద పడింది. ఎర్రటి వలయాలు. ఒకటి బొబ్బలెక్కింది.

"అదేంటక్కా?"

"దోమ కుట్టింది."

"ఇంత గుండ్రంగానా?"

"నోర్ముయ్. అత్తయ్య వింటుంది."

చిన్నకోడలికి నిన్నటి సంగతి గుర్తొచ్చింది. మర్దనకొచ్చిన దర్జీ "కాలుతోంది" అంటూ బల్ల మీంచి ఎగిరి దూకితే, అతనిది సుకుమారపు ఒళ్ళని ఇద్దరూ నవ్వుకున్నారు. ఇప్పుడు నోరు విప్పితే అక్క బతుకంతా పెట్టుకున్న పని పోతుంది. విప్పకపోతే ఈ ముసలి వీపు కాలుతుంది.

మంట కప్పు అంచును నాకింది. పెద్దకోడలు దాన్ని మణికట్టుకు తాకించింది. ముఖంలో చిన్న కదలికైనా లేదు. కప్పు వీపు మీదికి దిగుతోంది.

చిన్నకోడలు తన చెయ్యి అడ్డం పెట్టేసింది.

"స్స్... అబ్బా!"

"ఏమైందే?" అంది అత్తగారు తలెత్తకుండానే.

చిన్నదాని చేతి మీద ఎర్రగా వలయం తేలుతోంది. పెద్దకోడలు దాన్ని చూసింది. కప్పును మళ్ళీ తన మణికట్టుకు నొక్కి పట్టింది. ఎదురుచూసింది.

"నాకు వేడేం తెలియడం లేదే," అంది. "చెబితే కప్పులు లాక్కుంటారని..."

అత్తగారు మోచేతి మీద లేచి కోడళ్ళ చేతులు రెండూ చూసింది.

"నా బట్టలు ఇటు పడెయ్యండి. డాక్టరు దగ్గరికి ముగ్గురం పోదాం."

"మరి మీ నడుం, అత్తయ్యా?"

"అది ఎక్కడికీ పారిపోదులే. మంట ఆర్పు ముందు."

పెద్దకోడలు మంట ఆర్పి, తోటికోడల్ని కుళాయి దగ్గరికి లాక్కెళ్ళింది. కాలిన చేతిని తన ఎడం చేత్తో పట్టుకుని ధార కింద పెట్టింది. నీళ్ళు ఇద్దరి వేళ్ళ మీంచీ జారుతున్నాయి.

"చల్లగా ఉన్నాయా?" అని అడిగింది.