జానెడు పైకి

టెస్సా ఫ్రీజరు మూత ఎత్తి చూసింది. కిందటేడు కొట్టిన ఎల్క్ దుప్పి మాంసం అడుక్కి వచ్చేసింది. పులుసులోకి పనికొచ్చే మెడముక్కలు, మంచు పట్టిన కాస్త ఖీమా, అంతే. బిటర్‌రూట్ లోయలో మంచు కురవడం మొదలైతే ఏప్రిల్ దాకా ఆ పెట్టే వాళ్ల వంటిల్లు.

ఈ ఏడు మొగుడు కోల్బీ కొండెక్కలేడు. గుర్రం విసిరేస్తే భుజం గూడ జారి, చెయ్యి మెడకి వేలాడదీసుకుని కూర్చున్నాడు. ఆదివారంతో వేట సీజను ముగుస్తుంది. టెస్సా పేరున ఒక దుప్పికి పర్మిట్ ఉంది కానీ, కూతురు జూనీ కడుపున పడ్డప్పటి నుంచి ఆమె తుపాకీ ముట్టలేదు. ఆ చంటిపిల్లకి పాలసీసా చూపిస్తే చాలు, మొహం తిప్పేసుకుని ఇల్లెగిరిపోయేలా ఏడుస్తుంది. తల్లి ఎంతసేపు కొండ మీద ఉంటే అంతసేపూ ఆకలే.

ఆ మధ్యాహ్నం మరిది రాయిస్ వచ్చాడు. వాడి పర్మిట్ మీద వాడు మొదటివారంలోనే పెద్ద మగదుప్పిని కొట్టేశాడు. ఒకరి పర్మిట్ మీద ఇంకొకరు పేల్చడం నేరం కాబట్టి, వాడు చెయ్యగలిగింది వెంట రావడం, మోసిపెట్టడం. ఉత్తచేతుల్తో రాలేదు. కొత్త తుపాకీ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“టెస్, మీ నాన్న ఇచ్చిన ఆ ఇనపముక్క పక్కన పెట్టు. దీన్ని పట్టుకో.”

“ఏమిటో దీని గొప్ప?”

“గొప్పా! దీంట్లో వేసే తూటా వేగం చూడు ముందు. చప్పుడు దుప్పి చెవిన పడేలోపు గుండు దాని ఒంట్లో ఉంటుంది. మూడువందల గజాల దాకా గీత గీసినట్టు పోతుంది. జానెడు పైకి పట్టు, మూరెడు పైకి పట్టు అన్న గోల లేదు. ఎక్కడ చూస్తే అక్కడ.”

“తీసుకో టెస్,” అన్నాడు కోల్బీ, ఒంటిచేత్తో పిల్లని ఊపుతూ. “గట్టు మీంచే కొట్టేసి రావచ్చు. పాక్కుంటూ దగ్గరికి పోయే పనుండదు. దీని ఏడుపు నేనెంతసేపని ఆపను?”

ఆ మాట టెస్సాకి సూటిగా తగిలింది. అయినా, “పేల్చి చూడకుండా ఒప్పుకోను,” అంది.

“పెళ్లికి నన్ను మాత్రం చూసి ఒప్పుకున్నావా?” అన్నాడు కోల్బీ.

“నిన్ను చూశాకే వచ్చింది ఈ జాగ్రత్త.”

రాయిస్ పగలబడి నవ్వి పికప్ తాళాలు తీశాడు.

ఊరి బయట కంకరగుంతలో ఆడా మగా అందరికీ ఒకటే పరీక్ష. అట్టకి గుచ్చిన పేపరుప్లేటు. దుప్పికి గుండే ఊపిరితిత్తులూ ఉండే చోటు ఇంచుమించు అంతే ఉంటుంది. ఎంత దూరం నుంచి వేసిన ప్రతి గుండూ ప్లేటులో పడుతుందో, అంతవరకే నీ దూరం. దాటితే నీది కాదు.

రాయిస్ మూడువందల గజాల్లో ప్లేటు గుచ్చి వచ్చాడు. టెస్సా నేల మీద కూర్చుని, మోకాళ్ల మీద మోచేతులు ఆనించి పేల్చింది. ప్లేటు కదల్లేదు. వెనక గుట్టలో దుమ్ము లేచింది. మళ్ళీ పేల్చింది. మళ్ళీ దుమ్మే.

“బాగుంది. సాయంత్రం ఆ ప్లేటులో భోంచెయ్యొచ్చు,” అన్నాడు రాయిస్, బైనాక్యులర్స్‌లో చూస్తూ. “పైనుంచి పోతున్నాయి. జానెడు పైకి గురి పెడుతున్నావ్ నువ్వు.”

“లేదు. నడిమధ్యనే పెట్టాను.”

“పెట్టావ్. నొక్కబోయే ముందు ఎత్తావ్. నేను చూశాను.”

టెస్సా తెల్లబోయింది. తండ్రి పాత తుపాకీతో నేర్పిన విద్య అది. ఆ దూరంలో దాని గుండు జానెడు దిగుతుంది, అందుకని జానెడు పైకి పట్టాలి. చిన్నప్పుడు ఈ గుంతలోనే పట్టింది ఆ అలవాటు. ఇప్పుడు ఆమెని అడక్కుండానే చెయ్యి లేస్తోంది.

ఈసారి పళ్లు బిగించి, గురి కదలకుండా నొక్కింది. ప్లేటు నడిమధ్య చిల్లు పడింది. ఇంకోటి వేసింది. దాని పక్కనే.

“చూశావా! తూటాది తప్పు కాదు.”

“కాదు. మంచి తూటానే,” అని ఒప్పుకుంది. కానీ అక్కడితో ఆగలేదు. కంకరగుట్ట మీదికి పరిగెత్తుకుంటూ ఎక్కి, దిగి, రొప్పుతూ కూలబడి పేల్చింది. గుండు ప్లేటు పైనుంచి పోయింది.

టెస్సా తుపాకీ ఖాళీ చేసి వాడి చేతికిచ్చింది. పాతది తీసి, రెండువందల గజాల్లో ఇంకో ప్లేటు గుచ్చి, మళ్ళీ గుట్టెక్కి దిగి రొప్పుతూ పేల్చింది. ఆ దూరానికి దీన్ని ఎంత ఎత్తాలో చెయ్యికే తెలుసు. వేసిన ప్రతిదీ ప్లేటులోనే పడింది.

“పాతదే తీసుకెళ్తాను.”

“మతి పోయిందా? ఇదిగో, ఇప్పుడేగా కొట్టావ్!”

“నింపాదిగా కూర్చుంటే కొట్టాను. కొండ మీద ఊపిరాడనప్పుడు నా బుర్ర పనిచెయ్యదు రాయిస్, చెయ్యే పనిచేస్తుంది. ఆ చెయ్యి మా నాన్న తయారుచేసింది. వారంలో మారదు.”

“మొండిఘటం!” అన్నాడు వాడు. అన్నా, శనివారం పొద్దున కొండకి కొత్తదాన్నీ భుజాన వేసుకునే వచ్చాడు.

తెల్లవారకముందే పిల్లకి కడుపునిండా పాలిచ్చి బయల్దేరింది టెస్సా. మిగతా వేటగాళ్లకి దూరం నుంచే కనపడేలా నారింజరంగు కోట్లు తొడుక్కుని ఇద్దరూ మోకాలిలోతు మంచులో ఎక్కారు. గట్టు మీదికి చేరేసరికి పొద్దెక్కింది. లోయకి అవతలి వాలున, అడవి అంచున, ఆడదుప్పులు మంచు తవ్వుకుని మేస్తున్నాయి.

రాయిస్ దూరం కొలిచి చూసి ఎగిరి గంతేసినంత పనిచేశాడు. “మూడువందల పది! గుంతలో కొట్టిన దూరమే!” అని గుసగుసగా అంటూ కొత్త తుపాకీని సంచి మీద ఆనించి పెట్టాడు. “పడుకో. పట్టుకో. కిందికి దిగి చుట్టూ తిరిగేలోపు అవి అడవిలో దూరిపోతాయి. ఇంట్లో పిల్ల ఏడుస్తూ ఉంటుంది.”

రొమ్ములు అప్పటికే బరువెక్కాయి. జూనీ ఆకలికి లేచే వేళయింది. టెస్సా చెయ్యి ఆ తుపాకీ మీదికి పోయింది. చల్లగా, తేలిగ్గా ఉంది. ఒక్కసారి నొక్కితే ఇంటికి పోవచ్చు.

గుండు పూర్తిగా పైకి పోతే దుప్పి బతికిపోతుంది, ఫరవాలేదు. చెయ్యి సగం లేచి సగం ఆగితే? వెన్ను పైభాగం చిట్లి, నెత్తురోడుతూ అడవిలోకి పోయి ఎక్కడో చస్తుంది. ఇటు మాంసమూ లేదు, అటు దాని ప్రాణమూ దక్కదు. పాతదాంతో, దగ్గర్నుంచి అయితే ఈ సందేహమే లేదు.

చెయ్యి తీసేసింది. “నువ్విక్కడే ఉండు,” అని పాతదాన్ని వీపున వేసుకుని వాలు దిగింది.

దిగాక దుప్పులు కనపడలేదు. గాలి ఎదురుగా మొహానికి కొడుతోంది, తన వాసన వాటికి చేరదు, అది చాలు. పొదల చాటున వంగి, తర్వాత మోకాళ్ల మీద, చివరికి పొట్ట మీద పాకింది. మంచు చేతిజోళ్లలోంచి లోపలికి దిగింది. పిల్ల ఏడుపు చెవుల్లో మోగుతూనే ఉంది. ‘ఏడవనీ. ఏడిస్తే చావదు. చలికాలమంతా తినాలి,’ అని తనకి తనే చెప్పుకుంటూ పాకింది.

పడిపోయిన దేవదారు మొద్దు మీంచి తల ఎత్తి చూసేసరికి మంద సగం అడవిలోకి పోయింది. వెనకబడ్డ ముసలి ఆడదుప్పి ఒకటి అడ్డంగా నిలబడి ఉంది. రెండువందల లోపే. టెస్సా లేచి కూర్చుంది. మోచేతులు మోకాళ్లకి ఆన్చింది. రొప్పు తగ్గలేదు. తగ్గేదాకా ఆగితే అదీ పోతుంది. ముందుకాలి వెనక గురి పెట్టి నొక్కింది.

దుప్పి నాలుగు గెంతులు వేసి ముందుకి కూలింది.

రాయిస్ ఆయాసపడుతూ వచ్చేసరికి ఆమె రూలు ప్రకారం పర్మిట్ కాగితంలో ఆ రోజు తేదీ ఉన్నచోటు కత్తితో కోసి, దుప్పి కాలికి కట్టేస్తోంది.

“సరే, ఓడిపోయాను. కానీ నా తూటాలో లోపం లేదు సుమా.”

“ఉందని నేనెప్పుడన్నాను? మంచు కరగనీ. వేసవంతా ఆ గుంతలో దాంతోనే పేలుస్తాను. పరిగెత్తి, రొప్పి, తిట్టుకుని పేలుస్తాను, చెయ్యి పాత పాఠం మరిచిపోయేదాకా. అప్పటికీ మరవకపోతే మళ్ళీ ఇదే. మరిస్తే నీ తుపాకీ నీకు తిరిగిరాదు.”

“అంటే గెలిచినా ఓడినా నాకే నష్టం!”

“మరిదివి కదా, ఆ మాత్రం భరించు. తొడ పట్టుకో.”

ఇద్దరూ కోటు చేతులు పైకి మడిచి కోతకి దిగారు. మొదటి తొడ విడిపోగానే టెస్సా దాన్ని గుడ్డలో చుట్టి సంచిలో వేసి, పట్టీలు బిగించి, ఒక మోకాలి మీద ఊపు తీసుకుని లేచింది.

“మిగతాది నువ్వు కొయ్యి. పిల్లకి పాలిచ్చి మళ్ళీ వస్తా.”

“ఒక్కదానివేనా? అంత బరువుతోనా?”

అప్పటికే ఆమె కోటు ముందుభాగం పాలతో తడిసింది. పట్టీల కింద బొటనవేళ్లు దూర్చి, వచ్చిన అడుగుల మీదే అడుగులు వేసుకుంటూ లోయలోకి దిగిపోయింది.