జనవరి స్కాన్

చెత్తబుట్ట పట్టుకుని నయన పెరటి దర్వాజ వైపు నడిచింది. ముందు నుంచి పోతే వీధి నాలుగడుగులే. కానీ భర్త శ్రవణ్ ఊపిరితిత్తిలో గడ్డ ఉందని తెలిసిన రోజే, అతని నాయనమ్మ బుచ్చవ్వ మంచం మీద నుంచి తీర్పు చెప్పేసింది. "ఫిబ్రవరిల కోడలు కాలువెట్టె, జూన్‌ల పోరనికి గడ్డ లేసె. ఇగ ముందు దర్వాజకెల్లి నడవకు పిల్లా." అత్త పద్మమ్మ అప్పుడు పప్పు గిన్నెలోకి చూస్తూ ఉండిపోయింది. 

అతను దగ్గి తుడుచుకున్న తువ్వాళ్లు ఉతకడానికి, కషాయం కాచడానికి, వీపు నిమరడానికి నయన చేతులు పనికొస్తున్నాయి. దేవుడి దగ్గర దీపం పెట్టడానికి మాత్రం పనికిరావు. "పెండ్లాం ఉండంగ మొగన్ని జూసుకోనీకి ఇంకొకలెందుకు?" అని మామ నరసింహ అన్న మాటకు, శామీర్‌పేట మందుల కంపెనీలో ఉద్యోగానికి జీతం లేని సెలవు పెట్టింది. పెళ్లయిన కొత్తలో ఆదివారం వస్తే ఇద్దరూ మేడ్చల్ నుంచి బండి మీద శామీర్‌పేట చెరువు కట్టకు పోయేవాళ్లు. ఒకటే మక్క కంకి కొని, విరిచి, పెద్ద ముక్క కోసం కొట్లాడుకునేవాళ్లు. ఆ నవ్వుకే సోమవారం, మంగళవారం గడిచిపోయేవి. అంత సంబరపడినందుకేనా ఇదంతా? ఆమె ఫార్మసీ చదివింది. గడ్డలు ఎవరి కాళ్ల వల్లా పుట్టవని తెలుసు. అయినా గడప దగ్గరికి వచ్చేసరికి కాలు దానంతటదే వెనక్కి తగ్గుతోంది. ఆ కాలిని చూస్తేనే ఆమెకు భయమేస్తోంది.

ఆ మధ్యాహ్నం నగరంలోని పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ కొత్త స్కాన్ చూసి అడిగింది. "ఇంతకు ముందు తీసిన స్కాన్ ఏదైనా ఉందా? రెండూ పక్కపక్కన పెట్టి కొలిస్తే ఎంత వేగంగా పెరుగుతోందో తెలుస్తుంది. వేగంగా పెరుగుతుంటే వెంటనే తీసేయాలి. పాతది లేకపోతే ఆరు వారాలాగి మళ్లీ స్కాన్ తీసి చూడాలి."

"లేదు మేడమ్," అన్నాడు శ్రవణ్, నేల చూస్తూ.

"ఆరు వారాలా?" నయన కుర్చీ అంచుకు జరిగింది. "ఈలోపల పెరిగితే ఎట్ల మేడమ్?"

"నా భయమూ అదేనమ్మా."

అప్పుడు, వాళ్లతో వచ్చి పక్కనే కూర్చున్న పద్మమ్మ తన సంచి జిప్పు తీసింది. చీర మడతల కింద నుంచి ఒక కవరు బయటికొచ్చింది. మేడ్చల్‌లోని ఏదో స్కానింగ్ సెంటరుది. "జనవరిల జ్వరమొస్తె తీపిచ్చినం. చిన్నదే అన్నరు. మూడు నెల్లకు మల్ల తీపియ్యుమన్నరు." ఆమె కవరును బల్ల మీద పెట్టింది. "నడుమల పెండ్లి వడ్డది మేడమ్."

డాక్టరమ్మ తెర మీద ఆ తెల్లటి మచ్చ చుట్టూ గీత గీసింది. ముందు జనవరి మచ్చకు, తర్వాత ఇప్పటి మచ్చకు. "అప్పుడు ఎనిమిది మిల్లీమీటర్లు, ఇప్పుడు పదమూడు. అడ్డంగా చూస్తే కొంచెమే. కానీ గడ్డ అన్ని వైపులా పెరుగుతుంది కదా, మొత్తం పరిమాణం నాలుగింతలు దాటింది. రెండున్నర నెలలకోసారి రెట్టింపవుతోంది. ఇక ఆగకూడదు."

నయన ఆ రెండు మచ్చలనూ మార్చి మార్చి చూసింది. తను తలంబ్రాలు పోస్తున్నప్పుడు అది అతని చొక్కా కింద ఉంది. తను చెరువు కట్ట మీద కంకి కొరుకుతున్నప్పుడు రెట్టింపవుతూ ఉంది. మూడు నెలలు నిండిన రోజున ఇంట్లో ఎవరూ నోరు విప్పలేదు.

"నీకు ఎరికేనా?" బయటికి రాగానే అడిగింది. నలుగురిలో 'మీరు' అనే నయన, అత్త ముందర అతన్ని 'నువ్వు' అనడం అదే మొదలు.

"చిన్నదే అన్నరు నయనా. నిన్ను జూసినంక... చెప్తె వద్దంటవేమోనని భయమైంది."

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు వారం రోజులు గాలిలో తేలేది. "మరి అవ్వ నన్ను పెరటికెల్లి నడిపిస్తుంటె? అప్పుడు గూడ భయమేనా?"

అతను జవాబు చెప్పబోయి దగ్గాడు. ఆమె చెయ్యి తనంతట తానే వెళ్లి వీపు నిమిరింది. అతను బతకాలి. బతకకపోతే ఇంత కోపాన్ని ఆమె ఎవరి దగ్గర పెట్టుకోవాలి? నర్సు తెచ్చిన ఆపరేషన్ కాగితం మీద, భార్య అని ఉన్న చోట సంతకం పెట్టింది. 

పద్మమ్మ దగ్గరికొచ్చి కూర్చుంది. "బిడ్డా, గీ స్కాన్ సంగతి ఇంట్ల తెల్వద్దు. మీ మామకు గూడ చెప్పలే. దాచినవని నన్ను బతకనియ్యరు. నేను గూడ గా ఇంటి కోడల్నే గదా."

నిజమే. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో ఏది చెడినా మొదట ఈమెనే తిట్టి ఉంటారు. అందుకే ఈసారి ఇంకొక కోడలు దొరికితే ఊపిరి పీల్చుకుంది. నయనకు జాలేసింది. జాలి వేసినందుకు ఏడుపొచ్చింది.

నయన ఫోన్ మోగింది. బుచ్చవ్వ.

"ఏమన్నరే పిల్లా డాక్టర్లు?"

పద్మమ్మ నయన మణికట్టు పట్టుకుంది, వద్దన్నట్టు తలూపింది. నయన ఆ వేళ్లను ఒక్కొక్కటే మెల్లగా విడిపించింది.

"జల్దీ ఆపరేషన్ జెయ్యాలంట అవ్వా. గడ్డ ఎప్పటిసంది ఉన్నదో అత్తమ్మ చెప్తది, ఇను," అని స్పీకర్ పెట్టి, ఫోన్‌ను పద్మమ్మ అరచేతిలో ఉంచింది.